కప్పులోంచి తొట్టిలోకి

ఎంతకైనా తట్టుకుంటుందన్న పేరే ఫైటర్ చేప ప్రాణం మీదికి తెచ్చింది. నీరసించి ఇంటికొచ్చిన చేప కోలుకోవాలంటే మందు సీసా కంటే ముందు దాని నీళ్ల సంగతి చూడాలి.

అక్వేరియం షాపులో పెద్ద తొట్టెలన్నీ దాటాక, డబ్బులు కట్టే బల్ల పక్కన ఒక అర ఉంటుంది. దాని మీద వరసగా ప్లాస్టిక్ కప్పులు. ఒక్కో కప్పులో ఒక్కో చేప. నీలం, ఎరుపు, తెలుపు మీద నల్ల మచ్చలు, రాగి రంగు. కప్పుకీ కప్పుకీ మధ్య అట్టముక్క పెడతారు, ఒకదాన్నొకటి చూసి రెచ్చిపోకుండా. పొద్దున పోసిన నీళ్లు సాయంత్రానికి మసకబారి ఉంటాయి. అడుగున తినని మేత గింజలు ఉబ్బి కనిపిస్తాయి.

"అన్నా, దీనికి ఫిల్టరూ అదీ కావాలా?"

"ఏం అక్కర్లేదు మేడమ్. ఫైటర్ కదా, గ్లాసులో పెట్టినా బతుకుద్ది."

ఈ మాట పూర్తిగా అబద్ధం కాదు, చిక్కంతా అక్కడే ఉంది. గ్లాసులో పెట్టినా వారం బతుకుతుంది, నెల బతుకుతుంది, ఒక్కోసారి ఆరు నెలలూ లాక్కొస్తుంది. సరిగ్గా చూసుకుంటే రెండు నుంచి నాలుగేళ్లు బతికే ప్రాణి ఆరు నెలలకే పోతే, "ఫైటర్లు ఇంతేలే" అనుకుని ఇంకోటి తెచ్చుకుంటాం. అదీ వంద, నూటయాభై రూపాయల్లో దొరుకుతుంది కాబట్టి పెద్దగా బాధ కూడా అనిపించదు. పుట్టినరోజు పార్టీల్లో పిల్లలకు రిటర్న్ గిఫ్టుగా పంచేవాళ్లూ ఉన్నారు. అలా చేతికొచ్చిన చేప మూడో రోజుకు అడుగున పడుకుంటుంది. రెక్కలు ముడుచుకుంటుంది. మేత వేస్తే చూడదు. అప్పుడు మొదలవుతుంది వెతుకులాట: ఏ మందు వెయ్యాలి?

కైకలూరు, భీమవరం వైపు చెరువు రైతును ఎవరినైనా అడగండి. చెరువులో చేప పైకి తేలినా, రొయ్య మేత మానినా ముందు మందుల కొట్టుకు పరిగెత్తడు. నీళ్లు పట్టుకెళ్లి పరీక్ష చేయిస్తాడు. పీహెచ్ ఎంత, అమ్మోనియా ఎంత, ఆక్సిజన్ ఎంత అని చూసుకుంటాడు. ఎకరాల చెరువుకు పనికొచ్చిన తెలివి ఇరవై లీటర్ల తొట్టికీ పనికొస్తుంది.

బుట్టలో బతికినంత మాత్రాన

ఫైటర్ సొంత ఊరు థాయ్‌లాండ్. చావో ఫ్రయా, మెకాంగ్ నదుల పరీవాహకంలోని వరిమళ్లు, పంట బోదెలు, నాచు పట్టిన పల్లపు నీళ్లు దాని నివాసం. శాస్త్రవేత్త చార్లెస్ టేట్ రీగన్ 1910లో దీనికి బెట్టా స్ప్లెండెన్స్ అని పేరు పెట్టాడు. పేరు పెట్టింది అప్పుడే గానీ మనిషితో దీని సాంగత్యం చాలా పాతది. 2022లో వెలువడిన జన్యు అధ్యయనం ప్రకారం కనీసం వెయ్యేళ్లుగా మనిషి దీన్ని పెంచుతున్నాడు. మొదట పందేల కోసం, తర్వాత అందం కోసం. థాయ్‌లాండ్ 2019లో దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది. అంతకు మూడేళ్ల ముందు, ఆ దేశ జెండా రంగులు ఒంటి మీద పలికిన ఒక చేప వేలంలో 53,500 బాత్‌లకు అమ్ముడుపోయింది.

వరిమడిలో నీళ్లు లోతు తక్కువే. కానీ లోతు తక్కువంటే చోటు తక్కువని కాదు. మడిలో మోకాలి లోతు లేకపోయినా చేపకు అటూ ఇటూ తిరగడానికి కావలసినంత మేర ఉంటుంది. మొక్కల చాటు ఉంటుంది, రాలిన ఆకుల నీడ ఉంటుంది, ఏడాదంతా వెచ్చగా ఉంటుంది. అక్కడ మగచేప తన హద్దు తాను గీసుకుని, నీటి పైన నురగతో గూడు కట్టి, గుడ్లను అందులో పెట్టి కాపలా కాస్తుంది. రెండో మగచేప వస్తే తరుముతుంది. ఓడినది పారిపోతుంది, పారిపోవడానికి చోటుంది కాబట్టి. గాజు తొట్టిలో పోరాటం చావు దాకా వెళ్లడానికి పౌరుషం ఒక్కటే కారణం కాదు, దారి లేకపోవడం కూడా.

ఎండకు కాగిన నిలవ నీళ్లలో ఆక్సిజన్ తక్కువ. అందుకే దీనికి మొప్పలతో పాటు, వాటికి పైన ముడతలు ముడతలుగా లాబిరింత్ అనే మరో అవయవం ఉంది. నీటి పైకొచ్చి నోటితో గాలి మింగుతుంది. మన కొర్రమీనుకూ ఇలాంటి విద్యే తెలుసు. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీనూ, ఈ ఫైటరూ వర్గీకరణలో ఒకే క్రమానికి చెందినవి. కొర్రమీను నీళ్లు లేని బుట్టలో మార్కెట్‌కు వచ్చినా కదులుతూనే ఉంటుంది. అంతమాత్రాన బుట్టే దాని ఇల్లని ఎవరూ అనలేదు. ఫైటర్ విషయంలో మాత్రం అనేశాం.

ఇక్కడ ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. చేప గాలిని పైనుంచి తీసుకోగలదు. కానీ ఒంట్లో తయారయ్యే అమ్మోనియాను వదలాల్సింది మాత్రం మొప్పల గుండా నీళ్లలోకే. గ్లాసులో ఆక్సిజన్ కొరతను అది తప్పించుకుంటుంది, తన వ్యర్థాన్ని తప్పించుకోలేదు. పావు లీటరు నీళ్లలో ఆ వ్యర్థం పోగుపడి మొప్పలను, చర్మాన్ని, రెక్కల అంచులను కాలుస్తుంది. వేరే చేప అయితే ఊపిరాడక గంటల్లో తేలిపోయి ఉండేది. ఇది ఊపిరి తీసుకుంటూ, కాలుతూ బతుకుతుంది.

ఒంటి మీది రాత

కుదురుగా ఉన్న ఫైటర్‌ను గుర్తుపట్టడం తేలిక. మీరు తొట్టి దగ్గరికి వస్తే ఎదురొస్తుంది. రెక్కలు విప్పి ఉంటుంది. ఆకు మీదో, మూలనో కాసేపు పడుకుని నిద్రపోవడం కూడా దానికి మామూలే, చూసి కంగారుపడక్కర్లేదు.

ఒత్తిడిలో ఉన్నది వేరు. రంగు వెలిసినట్టు పాలిపోతుంది. తల నుంచి తోక దాకా అడ్డంగా ముదురు గీతలు తేలతాయి. ఇవి ఆడచేపల్లో, లేత రంగు చేపల్లో బాగా కనిపిస్తాయి. నిలువు గీతలైతే దిగులు లేదు, అది గుడ్లకు సిద్ధమైన ఆడచేప గుర్తు. రెక్కలు ఒంటికి అతుక్కుపోతాయి. అద్దం వెంబడి పైకీ కిందికీ ఆగకుండా ఈదుతుంది. కొన్ని తమ తోకను తామే కొరుక్కుంటాయి. మొప్పలు ఎర్రగా మండుతున్నట్టుండి, మాటిమాటికీ పైకొచ్చి గాలి మింగుతుంటే అది అమ్మోనియా దెబ్బే అని దాదాపు చెప్పొచ్చు.

ఒత్తిడి ఎక్కువ కాలం నిలిచిన చేపలో రోగనిరోధక శక్తి పడిపోతుంది. మామూలుగా నీళ్లలోనే ఉండే బ్యాక్టీరియా అప్పుడు రోగమై కూర్చుంటుంది. కప్పులో నుంచి వచ్చిన చేపకు రోగం ఉందా, ఒత్తిడి ఉందా అని అడగడంలో అర్థం లేదు. రెండోది మొదటిదానికి తలుపు తీస్తుంది.

ఇంటికొచ్చిన రోజు

చెన్నైలోని కొలత్తూరు నుంచో కోల్‌కతా నుంచో ఆర్డరు పెట్టి తెప్పించిన చేప ఒక రోజంతా మూసిన సంచిలో ప్రయాణం చేసి వస్తుంది. ఆ సంచిలో చేప వదిలిన బొగ్గుపులుసు వాయువు పేరుకుని నీళ్ల పీహెచ్ తగ్గుతుంది. పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపు అమ్మోనియా ఎక్కువ భాగం అమ్మోనియం రూపంలో, పెద్దగా హాని చేయకుండా ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు బయటికి పోతుంది, పీహెచ్ ఎక్కుతుంది, అమ్మోనియం తిరిగి అమ్మోనియాగా మారుతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉన్న నీళ్లలో విషరూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే ఐదు వంతులు దాటుతుంది. సంచి విప్పి, కాసిని కాసిని తొట్టి నీళ్లు పోస్తూ గంటలు గంటలు అలవాటు చేయమనే సలహా ప్రయాణం చేసొచ్చిన చేపకు మేలు కంటే కీడే చేస్తుంది.

మూసిన సంచిని ఒక పావుగంట, ఇరవై నిమిషాలు తొట్టి నీళ్ల మీద తేలనిస్తే వేడి సమం అవుతుంది. ఆ తర్వాత విప్పి, కొద్దిగా తొట్టి నీళ్లు కలిపి, ఆలస్యం చేయకుండా చేపను చిన్న కప్పుతో ఎత్తి తొట్టిలో వదలాలి. వల వాడితే పొడుగు రెక్కలు చిక్కుకుని చిరుగుతాయి. సంచిలోని నీళ్లు తొట్టిలో పోయకూడదు.

ఆ రోజు లైటు వేయొద్దు. మేత వేయొద్దు. పిల్లలు అద్దం మీద వేలితో కొట్టకుండా చూడాలి, అన్నిటికంటే కష్టమైన పని అదే. నీలం మందు, పసుపు మందు అంటూ షాపువాళ్లు చేతిలో పెట్టినవేవీ అప్పుడే వేయొద్దు. ఏ రోగమో తెలియకుండా వేసిన మందు మొప్పల మీద ఇంకో భారం.

తోడు వేసిన నీళ్లు

తొట్టి ఇరవై లీటర్లకు తగ్గకూడదు. ఎత్తుగా నిలువుగా ఉండే వాటికంటే వెడల్పుగా ఉండేది మేలు. పొడుగు తోక బరువుతో గాలి కోసం ప్రతిసారీ పైదాకా ఈదడం జబ్బు చేపకు శ్రమ. అడవి ఫైటర్‌కు ఈ తోక లేదు. చిన్న రెక్కలతో, మట్టి రంగులో ఉంటుంది. అర్ధచంద్రాకారంలో విచ్చుకునే తోకలు మనిషి ఏరి ఏరి పెంచిన సోకు. దాని బరువు మోసేది చేప. అందుకే ఫిల్టర్ ధార నెమ్మదిగా ఉండాలి. గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్ దీనికి చక్కగా సరిపోతుంది. పైన మూత తప్పనిసరి, ఇది ఎగురుతుంది. మూతకూ నీళ్లకూ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ ఉంచితే గాలి మింగడానికి వీలు.

ఫిల్టర్ అంటే చెత్త పట్టే జల్లెడ అనుకుంటారు. దాని అసలు పని వేరు. ఆ స్పాంజి రంధ్రాల్లో రెండు రకాల బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. ఒకటి అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, రెండోది ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా. మొదటి రెండూ విషమే. మూడోది తక్కువ మోతాదులో ఉన్నంతకాలం చేప ఓర్చుకుంటుంది, మొక్కలు తింటాయి. కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంత ఆగే ఓపిక చేపకూ లేదు, మనకూ లేదు. తెలిసినవాళ్ల ఇంట్లో ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టి ఉంటే, వాళ్ల ఫిల్టర్ నుంచి చిన్న స్పాంజి ముక్క అడిగి తెచ్చి మన ఫిల్టర్‌లో పెట్టడం దగ్గరి దారి. పాలలో తోడు వేసినట్టే. ముక్క ఆరిపోకుండా వాళ్ల తొట్టి నీళ్లలోనే తేవాలి. జబ్బు చేపలున్న తొట్టి నుంచి మాత్రం వద్దు.

తోడు దొరకకపోతే చేతులకు పని. అమ్మోనియా పరీక్ష కిట్ కొనుక్కుని రోజూ చూడాలి. పావు వంతో, మూడో వంతో నీళ్లు రోజూ మార్చాలి. ఆ కిట్ చేప కంటే ఖరీదు అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. హీటర్, ఫిల్టర్, థర్మామీటర్ అన్నీ కలిపితే చేప ధరకు ఎన్నో రెట్లవుతుంది. చవగ్గా దొరికే ప్రాణిని చవగ్గా పెంచొచ్చన్న లెక్క ఏ జంతువు విషయంలోనూ కుదరలేదు.

ఏ నీళ్లు? హైదరాబాద్ నల్లాల్లో వచ్చే కృష్ణా, మంజీరా, గోదావరి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది చేప మొప్పలను కాలుస్తుంది, ఫిల్టర్‌లోని బ్యాక్టీరియాను చంపుతుంది. యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి, లేదా బకెట్‌లో ఒక రోజు మూత లేకుండా నిలవ ఉంచాలి. బోరు నీళ్లకు ఆ బాధ లేదు గానీ చాలాచోట్ల ఉప్పదనం, కఠినత్వం ఎక్కువ. బకెట్ అంచున తెల్ల పొర కట్టే నీళ్లలో పీహెచ్ కూడా ఎక్కువే ఉంటుంది. అలాంటి చోట అదే అమ్మోనియా మరింత విషమని పైన చూశాం. ఆర్‌వో నీళ్లొక్కటే పోస్తే ఖనిజాలు లేక పీహెచ్ నిలకడగా ఉండదు. బోరు నీళ్లూ ఆర్‌వో నీళ్లూ కలిపి వాడటం నడిచే పద్ధతి. ఏది వాడినా రోజుకో రకం మార్చొద్దు. పుస్తకంలో చెప్పిన అంకె కోసం నీళ్లను రోజూ కదిలించే తొట్టి కంటే, అంకె కాస్త అటూ ఇటూ ఉన్నా కదలని తొట్టిలో ఈ చేప బాగుంటుంది.

డిసెంబరు రాత్రులు

వెచ్చదనం గురించి మనం అసలు ఆలోచించం. మన దేశం వేడి దేశం కదా అని ధీమా. ఫైటర్‌కు 24 నుంచి 28 డిగ్రీల మధ్య నీళ్లు కావాలి. డిసెంబరు, జనవరిలో హైదరాబాద్‌లో, వరంగల్, ఆదిలాబాద్ వైపు ఇంకా ఎక్కువగా, రాత్రి చలికి చిన్న తొట్టిలో నీళ్లు తెల్లారేసరికి ఇరవైకి దిగిపోతాయి. చేప ఒంటికి సొంత వేడి లేదు. నీళ్లు చల్లబడితే అరుగుదల మందగిస్తుంది, రోగంతో పోరాడే శక్తి మందగిస్తుంది. చలికాలంలో ఫైటర్లకు తెల్లమచ్చల రోగం ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. ఇరవై లీటర్లకు 25 లేదా 50 వాట్ల చిన్న హీటర్, తనంతట తాను ఆగిపోయేది, సరిపోతుంది. నీళ్లు మార్చేటప్పుడు ప్లగ్గు తీయాలి. గాలి తగిలిన వేడి గాజు పగులుతుంది.

కోస్తాలో మే నెల ఇందుకు తలకిందులు. అప్పుడు తొట్టిని కిటికీ ఎండకు దూరంగా జరిపి, మూత బదులు వల కట్టి, ఫ్యాన్ గాలి నీళ్ల మీద తగిలేలా పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది.

బాదం ఆకు

థాయ్ పెంపకందార్లు తరతరాలుగా ఒక ఆకు వాడతారు. ఆన్‌లైన్‌లో పది ఆకుల ప్యాకెట్‌కు బాగానే వసూలు చేస్తారు. అది మరేదో కాదు, మన వీధుల్లో, బడి ఆవరణల్లో గొడుగులా పరుచుకుని ఉండే బాదం చెట్టు ఆకు. ఒకప్పుడు విస్తళ్లు కుట్టిన ఆకే. ఎండి, ఎర్రబడి, తనంతట తాను రాలింది ఏరుకోవాలి. రోడ్డు దుమ్ము, దోమల మందు తగలని చెట్టు చూసుకోవాలి. కడిగి, ఒక ఆకు తొట్టిలో వేస్తే రెండు రోజుల్లో నీళ్లు టీ డికాషన్ రంగుకు వస్తాయి. అందులోని టానిన్లు పీహెచ్‌ను కాస్త దించుతాయి, కొన్ని రకాల బ్యాక్టీరియా, బూజు పెరగకుండా కొంతవరకు ఆపుతాయి. పుట్టిన చోటి మసక వెలుతురు చేపకు దొరుకుతుంది. ఇది రోగం నయం చేస్తుందని అమ్మేవాళ్లను నమ్మకండి. జడిసిన చేపకు చాటు ఇస్తుంది, ఆ పని మాత్రం బాగా చేస్తుంది.

మొక్కలూ అంతే. మనీ ప్లాంట్ తీగ వేళ్లు నీళ్లలోకి వదిలి, ఆకులు బయట ఉంచితే నైట్రేట్ పీల్చుకుంటుంది. అయితే గాజు కూజాలో మొక్క పెట్టి, కింద చేపను వదిలి, అది వేళ్లు తిని బతుకుతుందని చెప్పే అలంకరణ ఒకటి ఉంది. ఫైటర్ మాంసాహారి. దోమ పిల్లలను, చిన్న పురుగులను తినే ప్రాణి. కూజాలో అది వేళ్లు తినదు, ఆకలితో ఉంటుంది.

మందు ఎప్పుడు

నీళ్లు బాగుపడి, వెచ్చబడిన వారం లోపలే చాలా చేపలు రెక్క విప్పుతాయి. తోక అంచు చీలికలు పీలికలుగా, నల్లగా లేదా ఎర్రగా ఉంటే అది తోక కుళ్లు. తొలి దశలో శుభ్రమైన నీళ్లకే తగ్గుతుంది. కొత్తగా మొలిచే రెక్క ముందు పారదర్శకంగా గాజు పొరలా కనిపిస్తుంది, అది కుళ్లు కాదు, మంచి గుర్తు. తగ్గకపోతే లీటరుకు ఒకటి రెండు గ్రాముల కల్లుప్పు విడిగా కరిగించి, మొక్కలు లేని వేరే తొట్టిలో, పది రోజులు దాటకుండా ఇవ్వొచ్చు. నీళ్లు ఆవిరైనా ఉప్పు ఆవిరవదు కాబట్టి, తీసిన నీళ్ల మేరకే మళ్లీ ఉప్పు కలపాలి.

ఒంటి మీద ఉప్పు రవ్వలు చల్లినట్టుండే తెల్లమచ్చల రోగంలో చాలామంది తప్పటడుగు వేసేది మచ్చలు పోయిన రోజున. చర్మం లోపల ఉన్నప్పుడు ఆ పరాన్నజీవిని ఏ మందూ తాకదు. కొన్ని రోజులు తిని, చేపను వదిలి, అడుగున గుళికగా చుట్టుకుని, వందలాదిగా విడిపోయి మళ్లీ చేపను వెతుక్కుంటూ ఈదుతుంది. మందుకు దొరికేది ఆ ఈదే దశలోనే. మచ్చలు మాయమయ్యాయంటే అవి అడుగుకు చేరాయని కూడా అర్థం. అందుకే మచ్చలు పోయాక కూడా, సీసా మీద రాసినంత కాలం మందు ఆపకూడదు.

టార్చి పక్కనుంచి వేస్తే ఒంటి మీద బంగారు పొడిలా మెరిసేది వెల్వెట్ రోగం. దాన్ని తెచ్చే జీవి వెలుతురు మీద కూడా ఆధారపడుతుంది కాబట్టి మందుతో పాటు తొట్టిని గుడ్డతో కప్పి ఉంచుతారు. దానికి వాడే రాగి మందు నత్తలనూ రొయ్యలనూ చంపుతుందని గుర్తుంచుకోవాలి. పొట్ట మాత్రమే ఉబ్బితే ఎక్కువ సార్లు అతిమేతే కారణం. రెండు మూడు రోజులు పస్తు ఉంచితే సర్దుకుంటుంది.

పొట్టతో పాటు పొలుసులన్నీ లేచి నిలబడి, పైనుంచి చూస్తే ముళ్లకాయలా కనిపిస్తే మాత్రం మూత్రపిండాలు చేతులెత్తేశాయని అర్థం. అక్కడి నుంచి తిరిగొచ్చేవి అరుదు. మందుల షాపు నుంచి మనుషుల యాంటీబయాటిక్ గొట్టం విప్పి తొట్టిలో పోయడం మనదగ్గర మామూలైపోయింది. మోతాదు తెలియదు, రోగకారకం తెలియదు, ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియా ముందు చస్తుంది, మొండి బ్యాక్టీరియా మిగులుతుంది. చేతికి గాయం ఉంటే జబ్బు చేప ఉన్న తొట్టిలో చెయ్యి పెట్టకండి. చేపల్లో క్షయ లాంటి రోగం తెచ్చే ఒక సూక్ష్మజీవి మన చర్మానికీ అంటుకుని నెలల తరబడి మానని పుండ్లు చేస్తుంది.

కుదురుకోవడం

రెండో రోజున రెండు గింజల మేత వేసి చూడాలి. తినకపోతే కాసేపటికి తీసేయాలి. దాని పొట్ట దాని కంటి పరిమాణం దగ్గరే ఉంటుందని పెంపకందార్లు అంటారు. పూటకు మూడు నాలుగు గింజలు, వారానికి ఒక రోజు పస్తు చాలు. పాపం ఒంటరిగా ఉందని జోడీ తేవొద్దు. ఒంటరితనం దానికి బాధ కాదు, పొరుగు బాధ. రెచ్చగొట్టి రెక్కలు విప్పించడానికి అద్దం చూపించే సరదా కూడా కోలుకునే చేప దగ్గర కట్టిపెట్టాలి.

ఒకరోజు నీటి పైన మూలన చిన్న చిన్న బుడగలు గుంపుగా కనిపిస్తాయి. నురగ అనుకుని తుడిచేసేవాళ్లున్నారు. మగచేప కట్టిన గూడు అది. ఆడచేప లేకపోయినా కడుతుంది. గూడు ఉన్నంత మాత్రాన నీళ్లు బాగున్నట్టని నిర్ధారణ చేసుకోవద్దు, మురికి కప్పుల్లోనూ కొన్ని గూడు కడతాయి. మేతకు ఎదురురావడం, గీతలు పోవడం, రంగు ముదరడం నమ్మదగ్గ గుర్తులు. అప్పటి నుంచి వారానికోసారి పావు వంతు నీళ్లు మారిస్తే సరిపోతుంది. స్పాంజిని నల్లా కింద ఉతకకుండా, తీసిన తొట్టి నీళ్లలోనే పిండాలి.

ఇంత చేసినా కొన్ని దక్కవు. షాపుకు వచ్చేసరికే చాలావాటికి ఆరు నెలలు దాటి ఉంటాయి, ఆ కాలంలో కొంత కప్పుల్లోనే గడిచి ఉంటుంది. పెంచలేమని తోస్తే దగ్గర్లోని చెరువులో వదలడం జాలి అనిపించుకోదు. అది ఈ నేల చేప కాదు, దాని రోగాలూ ఈ నీళ్లవి కావు. సంరక్షించగల మరొకరి చేతిలో పెట్టడమే దారి. దక్కనిదాని తొట్టిని, వలను బ్లీచింగ్ నీళ్లతో కడిగి, బాగా ఎండబెట్టి, ఫిల్టర్‌ను మళ్లీ మొదటి నుంచి తోడు వేసుకున్నాకే ఇంకో చేప మాట ఎత్తాలి.